ఎండలో పెట్టిన శ్రుతి పెట్టె

పాత శ్రుతి పెట్టెలు ఎందుకు ఆగిపోయాయని ఎవరిని అడిగినా ఒకటే జవాబు చెబుతారు: డిజిటల్ వచ్చింది, పాతది పోయింది. ఇలా చెప్పేవాళ్లలో ఒక్కరు కూడా ఆ పెట్టె మూత తీసి చూసినవాళ్లు కారు. నేను ఇరవై ఆరేళ్లు దాని మూత తీస్తూ, బిగిస్తూ బతికాను.

మొన్న నిఖిత అనే అమ్మాయి ఫోన్ చేసింది. వరంగల్‌లో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. వాళ్ల తాత పెట్టె ఒకటి అటక మీద దొరికిందట. దాని మీద మా కంపెనీ పేరు చూసి, ఎవరినో పట్టుకుని, నా నంబరు సంపాదించింది. "మేడం, గింత మంచి సౌండ్ ఎందుకు బంద్ చేసిన్రు? కంపెనీలకు లాభం తప్ప ఏం పట్టదు కదా?" అంది. అంటే అంది, నేను మాత్రం ఆ పిల్ల మీద విరుచుకుపడ్డాను. కంపెనీ అంటే ఏమిటో తెలుసా, సోల్డరింగ్ ఐరన్ పట్టావా ఎప్పుడైనా, అని. ఫోన్ పెట్టేశాక కూర్చోబుద్ధి కాలేదు. తోమిన గిన్నెలే మళ్లీ తోమాను. వాకిట్లోకి వెళ్లి వచ్చాను. మళ్లీ వెళ్లాను.

కోపం ఆ పిల్ల మీద కాదు. ఆ పెట్టెను ఆపించింది నేను. ఎలాగో రాస్తాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ప్రమోషన్ల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, అది వాళ్లు చెబుతారు.

పోపుల డబ్బా

కరీంనగర్ శివారులో మాది రేకుల షెడ్డు, వెనక మేడ మీదికి మెట్లున్న రెండు గదులు. ఎనిమిది మందిమి. యజమాని లక్ష్మణ్‌రావు సార్ ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన మనిషి. మేం చేసేది ఒక్కటే వస్తువు: శ్రుతి పెట్టె. తంబూరా పట్టుకునే మనిషి లేనిచోట, పాడేవాళ్లకు ఆగకుండా 'సా' వినిపించే పెట్టె. ధర్మపురి నుంచి ఆదిలాబాద్ దాకా ఎన్ని భజన మండళ్లు ఉన్నాయో అన్నిటికీ మా పెట్టెలు వెళ్లేవి.

లోపల ఉండేది చాలా చిన్న సర్క్యూట్. దానికి ఒకటే శత్రువు, వేడి. వేడెక్కితే ట్రాన్సిస్టర్ స్వరాన్ని కిందికి లాగుతుంది. మేం వాడే కెపాసిటర్, గాజుపూసలా అవతలివైపు కనిపించే ప్లాస్టిక్‌ది, అదే వేడికి స్వరాన్ని పైకి లాగుతుంది. సరైన ట్రాన్సిస్టర్‌ను సరైన కెపాసిటర్‌తో జతచేస్తే ఇద్దరి లాగుడూ సరిపోయి 'సా' ఉన్నచోట ఉంటుంది. మే నెల రామగుండంలో కూడా.

జతచేసేది మహమూదా ఆపా. పదో తరగతి కూడా చదవలేదు. ట్రాన్సిస్టర్‌ను క్లిప్పులో పెట్టి, స్పీకర్ దగ్గర చెవి పెట్టి, చూపుడువేలు కొసను దానికి ఆనించేది. వేలి వెచ్చదనానికి స్వరం ఎంత జరుగుతుందో విని, దాన్ని పోపుల డబ్బాలో ఒక గిన్నెలో వేసేది. ఆవాల గిన్నెలో వేసినవి కొద్దిగా జరిగేవి. జీలకర్రలోవి ఇంకొంచెం. మెంతుల్లోవి బాగా జరిగే మొండివి. మా స్టోర్ రికార్డుల్లో కూడా "మెంతులు ఇరవై" అని రాసి ఉండేది. ఆడిట్‌కు వచ్చినాయన ఒకసారి క్యాంటీన్ ఎక్కడమ్మా అని అడిగాడు.

నేను బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివి వచ్చాను. ఇది చూసి నవ్వొచ్చింది. మూడు నెలలు కష్టపడి జతలు కట్టే మీటర్ ఒకటి తయారుచేశాను. ఆపా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిగుంది సుజాతా. కాని దీనికి చెమట వస్తదా?" అంది.

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఆ మంటలో ఒక పని చేయలేదు: ఆమె పక్కన కూర్చుని, ఆ వేలి పని నేర్చుకోలేదు. ఎవరినీ కూర్చోబెట్టి నేర్పించలేదు. డిగ్రీ చదివినదాన్ని కదా, పోపుల డబ్బా దగ్గర కూర్చోవడమేమిటి! ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఈ ముక్క పెట్టుకోండి.

కూలర్

ఒక ఏడు మాకు ఆ గాజుపూస కెపాసిటర్ రావడం ఆగిపోయింది. హైదరాబాద్‌లో సరుకిచ్చే దుకాణంవాడు చల్లగా చెప్పాడు: "ఇగ రాదు మేడం. అది చేసేటోళ్లే బంద్ చేసిన్రు."

ఎందుకో కనుక్కున్నాను. పెద్ద ఫ్యాక్టరీలు చేత్తో అతకడం మానేశాయి. బోర్డు మొత్తాన్ని వేడి యంత్రంలోంచి పంపుతారు, అన్నీ ఒకేసారి అతుక్కుంటాయి. ఆ వేడికి ఈ ప్లాస్టిక్ కరిగిపోతుంది. కాబట్టి పెద్దవాళ్లు కొనడం మానేశారు. మాలాంటి వాళ్లు ఏడాదంతా కొనేది తయారీదారుకు ఒక పూట పని. ఒక పూట పని కోసం ఎవడు ఫ్యాక్టరీ నడుపుతాడు? చూడండి, మా పెట్టెను చంపాలని ఎవరూ అనుకోలేదు. ఎక్కడో ఎవరో తమ టీవీల గురించి ఏదో నిర్ణయించుకున్నారు, అంతే. ఒక వాయిద్యం ఆగిపోవడం చాలావరకు ఇలాగే జరుగుతుంది. తిట్టడానికి మనిషి కూడా దొరకడు.

నేను గోధుమరంగు కెపాసిటర్ ఒకటి వెతికి తెచ్చాను. కొలత అదే, సైజు అదే. ఆపా దాన్ని రెండు రోజులు విని చెప్పింది: "ఇది గూడ కిందికే పోతాంది సుజాతా. ఇద్దరు ఒక్క దిక్కే గుంజితె ఎట్ల?"

"టెస్ట్ చేద్దాం ఆపా" అన్నాను. చేశాను. నాలుగు గంటలు పెట్టె ఆన్‌లో ఉంచి, మీటర్ చూశాను. వెంట్రుక వాసి కదల్లేదు. సంతకం పెట్టాను. బ్యాచ్ వెళ్లిపోయింది.

ఇప్పుడు కూలర్ గురించి చెప్పాలి. అంతకు ముందు మా టెస్టింగ్ రేకుల వరండాలో జరిగేది. ఎండాకాలం అక్కడ నిలబడితే కళ్లు తిరిగేవి. ఆడవాళ్లం ఉన్నాం, మేం మనుషులం కామా అని సార్‌తో పెద్ద గొడవపడి, టెస్టింగ్‌ను లోపలి గదిలోకి మార్పించి, కూలర్ పెట్టించింది నేనే. అది నా జీవితంలో గెలిచిన మొదటి గొడవ. ఈరోజుకీ అది తప్పని అనను. కానీ ఎండలో పాడే పెట్టెను చల్లగాలిలో పరీక్షించానన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. గెలిచిన గొడవను మళ్లీ తిరగేసి చూసే అలవాటు నాకు లేదు, ఇప్పటికీ అంతంత మాత్రమే.

గంగారాం తెచ్చిన ప్రశ్న

మరుసటి ఏడు వేసవి మొదట్లో ఒక పెద్దాయన ఉట్నూర్ అవతలి ఊరినుంచి వచ్చాడు. పేరు గంగారాం. తెల్ల ధోవతి, నెత్తిన టోపీ, ఒక భుజాన సొంత వీణ, ఇంకో చేతిలో మా పెట్టె. వీణంటే ఒళ్లో పెట్టుకునేది కాదు. భుజానికి తగిలించుకుని, నిలబడి మీటుతూ ఉండే చిన్న వీణ.

మహారాష్ట్రను ఆనుకుని ఉన్న ఆ ఊళ్లలో ఏటా సప్తా చేస్తారు. ఏడు రోజులు ఆగకుండా భజన. ఆ ఏడు రోజులూ గుడి వీణ నేలకు తగలకూడదు. ఒకరి భుజం నుంచి ఇంకొకరి భుజానికి మారుతూ ఉండాలి. పగటి పూట వంతు ముప్పై ఏళ్లుగా గంగారాంది. ఆ ఊరికి హార్మోనియం లేదు. శ్రుతి అంటే ఆయన చెవే. కిందటి ఏడు ఊరి పెద్ద మారుతి పటేల్ మా పెట్టె కొని మైకు ముందు పెట్టించాడు. అప్పటినుంచి మొదలైంది.

"బాయీ, పొద్దుగాల నా తీగ, నీ పెట్టె ఒక్కటే మాట మాట్లాడుతయ్" అన్నాడు గంగారాం. "పగటీలికి పెట్టె కిందికి దిగుతది. మైకుల మోగుతాంటే మందంత దానెంబడే దిగుతరు. నేనొక్కన్నే మీద మిగులుత. మొన్న ఏకాశినాడు భజనల అందరు నవ్విన్రు. అన్నం తిన్నంక గంగారాం చెవులు పంటయ్ అన్నరు. గుడి వీణ తీసి నా మేనల్లుడు బాపురావు భుజానికి ఎక్కిచ్చిన్రు. సప్తాకు ఇంక రెండు దినాలే ఉన్నయ్. ఈసారి వీణ నీకు ఇచ్చేది లేదని పటేల్ అన్నడు."

"పెట్టె మీకెట్ల ఇచ్చిండు మరి?"

"ఆయినే ఇచ్చిండు. పో, కంపెనీల అడుగు, చెవి పోయిందని వాళ్లే చెప్తరన్నడు. అందుకే వచ్చిన. నేను తప్పా, పెట్టె తప్పా? ఒక్కటే మాట చెప్పు."

కూలర్ గదిలోకి తీసుకెళ్లాను. పెట్టె ఆన్ చేశాను. ఆయన తీగ సవరించాడు. రెండూ కలిశాయి. మీటర్ కూడా సరిగ్గా చూపించింది.

"ఇక్కడ కలిసె. అక్కడ కలుస్తలేదు" అన్నాడు ఆయన.

గోధుమరంగు కెపాసిటర్ ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదని రాయొచ్చు. రాస్తే అబద్ధం. వచ్చింది. సంతకం నాది కాబట్టి దాన్ని పక్కకు తోశాను. "పెట్టె మంచిగనే ఉన్నది తాతా. అక్కడ లొల్లి, మంది, మైకు. వయసైతాంటే చెవి అలసిపోతది" అన్నాను. అంతటితో ఆగలేదు. పటేల్‌కు చూపించమని కంపెనీ కాగితం మీద "పెట్టె సక్రమంగా ఉంది" అని రాసి, ముద్ర వేసి ఇచ్చాను.

ఆయన కాగితం మడిచి, ధోవతి మడతలో దోపుకున్నాడు. "మరి నా చెవే అన్నట్టు" అని వీణ భుజానికి ఎత్తుకుని, పెట్టె చేత పట్టుకున్నాడు. చాయ్ తాగమంటే వద్దన్నాడు. మనిషికి వ్యతిరేకంగా రాసిన కాగితాన్ని ఆ మనిషి చేతికే ఇచ్చి పంపించాను. నా ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నీ ఒక పక్క, ఆ కాగితం ఒక పక్క.

మేడ మీద

మర్నాడు పట్టపగలు ఆపా మేడ మీదినుంచి కేకేసింది. "సుజాతా, జర పైకి రా. చెప్పుల్లేకుండ రాకు, కాళ్లు కాల్తయ్."

అదే బ్యాచ్‌లో మిగిలిన పెట్టెను ఎండలో బండ మీద పెట్టి ఉంచింది. పక్కన, సార్ టేబుల్ మీద ఉండే పాత పెట్టె, గాజుపూస కెపాసిటర్లది. రెండూ ఆన్‌లో ఉన్నాయి. పొద్దున్నే రెండూ కలిపి పెట్టిందట. ఇప్పుడు పాతది ఉన్నచోటే ఉంది. కొత్తది అర స్వరం దిగిపోయి, రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ 'ఊఁవ్ ఊఁవ్' మంటున్నాయి. మీటర్ అక్కర్లేదు. మెట్ల మీదే వినిపించింది.

"నిన్ననే ఎందుకు చెప్పలే ఆపా?"

"రెండు దినాలు ఇని చెప్పిన గద కెపాసిటర్ వచ్చినప్పుడే. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డమనిషి కాదు. జీతాలు ఆపలేదు, ఎవరినీ పేరు పెట్టి తిట్టలేదు. అంతా విని, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అన్నాడు: "నా టేబుల్ మీది పాత పెట్టె పట్టుకపో. గప్పుచుప్ మార్చి రా. మైకు ముందర మాట్లాడకు."

"పెట్టె మారిస్తే పెట్టె మంచిగైతది సార్. మరి ఆయన?"

"ఆయన సంగతి వాళ్లూరు చూసుకుంటది."

"ఏం చూసుకుంటది? మంచి పెట్టె పోంగనే బాపురావు తీగ దానితోని కలుస్తది. చూసిన్రా, ముసలోడు పోయిండు, అంత మంచిగైందంటరు. ఉన్న పేరు గూడ మనమే తీసినట్టయితది."

"సుజాతా, బయటపడి చెప్పినవనుకో, ఆదిలాబాద్ పెట్టెలన్ని మన గేటు ముందరుంటయ్. ఏం పెట్టి బాగుచేస్తవ్? పాత కెపాసిటర్లు ఉన్నయా? లైను బంద్ చేసుడే. బయట రెడీమేడ్ డిజిటల్ బోర్డులు దొరుకుతయ్, మన డబ్బాల పెట్టి అమ్ముకుంటం. గప్పుడు మహమూదాకు పనేమున్నది?"

ఆయన చెప్పిన ప్రతి మాటా తర్వాత నిజమైంది. అందుకే ఆయన మీద నాకు కోపం రాదు.

ఆపా తన బెంచి దగ్గర ట్రాన్సిస్టర్లు గిన్నెల్లో వేస్తోంది. సార్ మాట చెప్పాను. తల ఎత్తలేదు.

"బస్సు ఎన్నింటికి?" అంది.

"ఆపా, లైను బందైతే మీ కుర్చీ పోతది."

"నాది కుర్చీ. గాయినది ముప్పై ఏండ్ల భుజం. పోదాం పా."

రేకుల పందిరి

సప్తా మొదటి రోజుకు ముందు రాత్రే ఉట్నూర్ చేరుకుని, తెల్లవారి జీపులో ఆ ఊరికి వెళ్లాం. బాపురావు భుజాన వీణ ఉంది. గంగారాం పందిరి బయట, విస్తళ్లు కుట్టేవాళ్ల పక్కన కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు.

మారుతి పటేల్ నా కాగితం సంగతి నాకే చెప్పాడు. "మీరు రాసిచ్చిన్రు గద బాయీ, పెట్టె మంచిగుందని. ఇంకేంది?" తర్వాత ఆపా బుర్ఖా చూసి, "ఈమె ఎవరు?" అన్నాడు.

"పెట్టె చేసింది నేనే, పటేల్ సాబ్" అంది ఆపా. "నా పెట్టె తప్పు చేస్తాందో, మంచి చేస్తాందో ఇందామని వచ్చిన. చాయ్ పోస్తే తాగుకుంట ఇంట."

పటేల్‌కు నవ్వొచ్చింది. కుర్చీలు వేయించాడు.

పొద్దున తొమ్మిదింటికి వాళ్ల పెట్టె, మేం తెచ్చిన పాత పెట్టె, రెండూ మైకు దగ్గర పక్కపక్కనే పెట్టి స్వరం కలిపాం. ఒక్కటే పెట్టె మోగుతున్నట్టు ఉంది. "ఇప్పుడు ఎవ్వరు ముట్టుకోవద్దు. వాళ్ల పెట్టెతోనే భజన చెయ్యిన్రి. అన్నాలైనంక దీన్ని ఇందాం" అని పాతదాని సౌండ్ తగ్గించాను. భజన సాగింది. రేకులు కాలడం మొదలైంది. నాకు కుర్చీలో కుదురు లేదు. ఈ ఒక్క రోజు మబ్బు పడితే? గాలి తోలితే? ఆపా మాత్రం తాళాలకు తల ఊపుతూ కూర్చుంది.

పగలు రెండింటికి పటేల్ చెయ్యెత్తాడు. పాడుతున్న మరాఠీ అభంగం ఆపలేదు, కాస్త తగ్గించారు. నేను లేచి పాత పెట్టె సౌండ్ పెంచాను.

'ఊఁవ్ ఊఁవ్' మని పందిరంతా వణికింది. వెనక కూర్చున్న ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. ఒకామె గట్టిగా, "అయ్యో, రెండు పిల్లులు కొట్లాడినట్టే ఉన్నది!" అంది. జనం నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది, ఎందుకంటే పొద్దున రెండూ కలవడం వాళ్లే విన్నారు.

మైకు అందుకున్నాను. ఏం మాట్లాడాలో బస్సులో చాలా తయారు చేసుకున్నాను. అవన్నీ వదిలేశాను. "దిగింది మీ పెట్టె. అది మేం తప్పు చేసిన పెట్టె. లోపల మార్చిన సామాను నేను మార్చిన. మంచిగుందని రాసిచ్చిన కాగితం అబద్ధం. ఏకాశినాడు మీరందరు పెట్టెతోటి కిందికి దిగిన్రు. దిగనిది గంగారాం తాత ఒక్కడే" అన్నాను.

పటేల్ వెళ్లి వాళ్ల పెట్టె స్విచ్ ఆపాడు. పాతది ఒక్కటే మిగిలింది. దాని పక్కన బాపురావు వీణ కిందికి పలుకుతోంది. పొద్దుటినుంచి దిగిపోయిన పెట్టెను వింటూ సవరించుకున్నాడు మరి.

గంగారాం లేచి వచ్చాడు. నన్ను చూడలేదు. మేనల్లుడి ముందు నిలబడి, వీణ అతని భుజం మీద ఉండగానే, బిరడాను కొద్దిగా బిగించాడు. ఇంకొంచెం. మీటాడు. తీగ, పెట్టె ఒకటైపోయాయి. పెట్టె వినిపించడం మానేసిందా అనిపించింది. బాపురావు వంగి ఆయన కాళ్లు మొక్కి, తాడు తన మెడ మీదినుంచి తీసి మామ మెడలో వేశాడు. వీణ గాల్లోనే చేతులు మారింది.

అప్పుడు గంగారాం ధోవతి మడతలోంచి ఆ కాగితం తీసి నాకిచ్చాడు. "నీదే బాయీ, నువ్వే ఉంచుకో" అన్నాడు. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఆ తర్వాత

పెట్టెలు సార్ చెప్పినట్టే తిరిగొచ్చాయి. బాగుచేయడానికి మా దగ్గర సామాను లేదు. లైను ఆగింది. డిజిటల్ బోర్డులు వచ్చాయి. అవి చెడ్డవని నేననను, ఎండకు జరగవు, చలికి జరగవు. వాటిని డబ్బాలో బిగించే పని ఇంకొన్నేళ్లు చేసి, చాలనిపించి, ముందుగానే దిగిపోయాను. ఆపా మాత్రం లైను ఆగిన వారానికే పోపుల డబ్బా సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్లింది. "ఇగ దీంట్ల నిజంగనే జీలకర పోస్త" అని గేటు దగ్గర అంది. నవ్వించాలనే అంది. నాకు నవ్వు రాలేదు.

నిఖితా, నువ్వడిగిన దానికి నా జవాబు ఇది. సామాను చేసేవాడు మానేశాడు. సామాను లోపాన్ని వేలితో కనిపెట్టే మనిషి పక్కన ఎవరినీ కూర్చోబెట్టలేదు. తప్పు బయటపెట్టాల్సి వచ్చినప్పుడు, బయటపెట్టాక నిలబడే బలం మాకు లేకపోయింది. ఇందులో మొదటిది నా చేతిలో లేదు. మిగతావి ఉన్నాయి. సర్క్యూట్ బొమ్మ కావాలంటే రేపే పంపిస్తాను. దానితో నీకు ఒరిగేది లేదు.

ఫోన్‌లో అరిచినందుకు మనసు ఊరుకోక నీకు మళ్లీ ఫోన్ చేస్తే, ఆ వేలి పని నేర్చుకుంటానన్నావు; అందుకే నిన్న ఆపా ఇంటికి వెళ్లాను. చూపు కొంచెం మందగించింది. నోరు అలాగే ఉంది. ఒక పిల్ల నేర్చుకుంటానంటోంది, నేర్పుతారా అని అడిగాను. సెలవులు సంక్రాంతికి ఉంటాయట, అప్పుడు రమ్మంటానన్నాను.

ఆపా వేలి కొసలు ఒకదానికొకటి రాసుకుంది.

"మే నెలల రమ్మను" అంది. "చలికి అన్ని పెట్టెలు మంచిగనే పలుకుతయ్."